సీకాయ డబ్బాలో రాగిపిండి

హిందూపురం,
8-4-1963.

లక్ష్మక్కకు,

ఎప్పుడూ మేమంతా క్షేమమని రాసి, ఆ తర్వాత సంగతులు మొదలుపెడతాను. ఈసారి ఆ మాట దగ్గరే కలం ఆగిపోయింది. ఇంట్లో పోట్లాట లేదు, తిండికి కొరత అసలే లేదు. నా బాధంతా తిండి ఎక్కువై వచ్చిందే. నవ్వుకో, కానీ ఉత్తరం పూర్తిగా చదివాక నవ్వుకో.

ఉగాది నాడు ఎక్కిన పండగ మా ఇంట్లో ఇంకా దిగలేదు. మొదటి రోజు బెల్లం పూర్ణం ఓళిగలు. వాటి మీద నెయ్యి పారాలి, పారకపోతే అత్త మళ్ళీ పోస్తుంది. మరునాడు వేట మాంసం. ఆ తర్వాత మిగిలిన ఓళిగలను పెనం మీద వేడి చేసి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అవి అయిపోవచ్చాయని నేను సంతోషపడేలోపు శ్రీరామనవమి వచ్చింది, బిందెడు పానకం కలిపారు. ఇరుగుపొరుగు పళ్ళేలు పంపితే ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని కజ్జికాయలు వత్తాం. వాటిలో సగం మళ్ళీ మా కంచాల్లోకే వచ్చాయి. వరి అన్నం మూడు పూటలా ఉండనే ఉంది. పెనుకొండలో పొద్దున రాగి అంబలి తాగి పెరిగిన కడుపు నాది. నా రవికెలన్నీ విప్పి మళ్ళీ కుట్టుకున్నాను.

మా అత్త హనుమక్క మీద చాడీలు చెప్పడానికి కూర్చోలేదు. ఈ రెండేళ్ళలో ఆమె నన్ను ఒక్క పరుషమైన మాట అనలేదు. కానీ ఆమె గరిటె పట్టుకొని నిలబడితే ఇంట్లో ఎవరికీ నోరు లేవదు. మేం తినేదాకా తాను కూర్చోదు. కంచంలో కాస్త ఖాళీ కనబడితే చాలు, అక్కడ ఏదో ఒకటి పడుతుంది. మీ మరిది అరచేయి అడ్డం పెడితే ఆ చెయ్యి పక్కకు తీసి, "ఇంగొకటి నాయనా, నా చేతిది వద్దంటావా" అంటుంది. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, బెల్లం మండీలో నలుగురిని అదిలించే మనిషి, తలవంచుకొని తింటాడు. నేనూ తింటాను.

నీకు రాయకూడదనుకున్న సంగతి ఒకటుంది. పండగ అయిన నాలుగో రోజు నాయన వచ్చాడు. మన చేలో పండిన రాగులు కడిగి, ఎండబెట్టి, చిన్న మూట కట్టుకొని తెచ్చాడు. అత్త వాకిట్లోకి ఎదురెళ్ళింది. మూట ముడి దగ్గర నాలుగు గింజలు కనబడ్డాయి. ఆమె ముఖం అదోలా అయింది. "అన్నా, మీరు లోపలికి రాండి. అది ఆడనే అరుగు మీద ఉండనీండి" అంది. మా ఇంట్లో రాగులు గడప దాటవని నాకు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి అడిగితే "మనింట్లో అది ఉండదు" అన్నారు, అంతే. రెండు దుడ్లు చేతిలో ఆడేసరికి సంగటి కూలివాళ్ళ తిండి అయిపోయిందేమో అనుకొని ఊరుకున్నాను. కానీ నాయన తెచ్చిన మూట కూడా బయటే ఉండిపోతుందని అనుకోలేదు. ఆయనకు వద్దన్నా వినకుండా ఓళిగలు వడ్డించారు. తిన్నాడు. పోయేటప్పుడు ఆ మూట దుమ్ము దులిపి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. "నాయనా" అన్నాను. "రైలుకు టైమాయె తల్లీ" అని నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు, అయినా తింటూనే ఉన్నాను.

ఇక అసలు విషయం. మొన్న మీ మరిది మండీలో కళ్ళు తిరిగి బెల్లం బస్తాల మీద కూర్చుండిపోయారు. కొన్నాళ్ళుగా చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతున్నారు, ఊరికే పెరట్లోకి పోతున్నారు. ఎండాకాలం కదా అనుకున్నాం. డాక్టరు గాజు గొట్టంలో నీలి మందు పోసి, ఈయన మూత్రం నాలుగు చుక్కలు వేసి దీపం మీద కాచాడట. నీలం పోయి ఇటుక రంగు వచ్చింది. చక్కెర జబ్బు. మాత్రలు ఇచ్చి, ఇప్పుడు అదుపులో పెట్టకపోతే ముందు ముందు కళ్ళకూ కాళ్ళకూ వస్తుందని చెప్పాడు. అలాగని ఒక్కసారిగా కడుపు మాడ్చొద్దు, పండగ తిండి నుంచి మెల్లగా దిగమన్నాడు. ముందు బెల్లం మానాలి. అన్నం కొంచెం కొంచెంగా తగ్గించి ఆ చోట రాగి సంగటో, కొర్రన్నమో తినాలి. ఆకుకూర, మజ్జిగ ఎక్కువగా తీసుకోవాలి. సాయంత్రం నడవాలి.

వినడానికి ఎంత తేలిక. గడప దాటని రాగులు ఆయన కంచంలోకి ఎలా తేవాలో మాత్రం ఆ డాక్టరు చెప్పలేదు.

నీ చెల్లెలు,
నీలావతి

*

హిందూపురం,
20-4-1963.

అక్కా,

నీ కార్డు అందింది. "మీ అత్తకు జబ్బు సంగతి విడమరిచి చెప్పు, కన్నతల్లి కదా, వింటుంది" అని రాశావు. చెప్పాను. విన్నది. విన్నందుకే ఇన్ని తిప్పలు.

కొడుక్కి తిండి ఎక్కువై జబ్బు చేసిందని తెలియగానే ఆమె ఏడ్చి, లేచి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. లంఖణం పెడితే కడుపులో చేరినదంతా కరిగిపోతుందని ఆమె నమ్మకం. డాక్టరు మెల్లగా అన్నాడని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఈయనకు వేణ్ణీళ్ళు తప్ప ఏమీ లేదు. ఆమె కూడా తినలేదు. వాళ్ళిద్దరూ తినకపోతే నేనెట్లా తింటాను. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. మా ఇంట్లో తిండి గురించి రెండే రకాలు అక్కా. కంచం నిండా పెట్టడం, లేకపోతే కంచమే తీసేయడం. మధ్యలో నిలబడే చోటు లేదు.

లంఖణం విడిచే రోజు ఇంకా ఘోరం. నోరు తీపి చేసుకొని విడవాలట. సేమ్యా పాయసం, వడలు, పప్పు, నెయ్యి, కుప్పగా పోసిన అన్నం. ఆకలి మీద ఉన్నారేమో, మీ మరిది కూడా వెనకా ముందూ చూడలేదు. సాయంత్రానికి వాంతులు. మంచం పక్కన నేను తట్ట పట్టుకొని నిలబడితే ఆయన నా చెయ్యి పట్టుకొని, "అమ్మను ఏమనొద్దు నీలా" అన్నారు. నాకు ఆయన మీదే కోపం వచ్చింది. వద్దని ఒక్క మాట నోరు తెరిచి చెప్పలేని మనిషిని ఎలా బతికించుకోవాలి, చెప్పు.

మరునాడు ధైర్యం చేసి వంటింట్లో అడిగాను. "అత్తా, డాక్టరు సంగటి పెట్టమన్నాడు. నాలుగు రాగులు తెప్పిస్తే..." నా మాట పూర్తి కాలేదు. ఆమె గరిటె గిన్నె మీద ఆగిపోయింది.

"ఈ ఇంట్లో ఆ మాట వద్దు."

"ఎందుకత్తా? మందు అనుకొని పెట్టకూడదా?"

"నేనుండేవరకూ వద్దు. నేను పోయినాక నీ ఇష్టం మే. గంపల కొద్దీ తెచ్చుకో."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు బాగుండేది. మీ మరిదిని అడిగితే, "అమ్మకు పడదు. నాయన పోయినప్పటి నుంచి అంతే. ఎందుకో నేనూ అడగలేదు" అన్నారు. ఆయన తండ్రి చెన్నకేశవులు మామ కరువు ఏడు చిలమత్తూరు పక్క ఊళ్ళో జ్వరంతో పోయాడు. ఆ తర్వాతే వీళ్ళు హిందూపురం వచ్చి బెల్లం వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. నాకు తెలిసింది ఇంతే.

మండీలో మరో చిక్కు. బండి బెల్లం వస్తే ధర కట్టేముందు అచ్చు పగలగొట్టి ఒక ముక్క నోట్లో వేసుకోవాలి. సీజనులో ఎన్ని బండ్లు వస్తే అన్ని ముక్కలు. ఉమ్మేయండి అన్నాను. "రైతు ఎదురుగా నిలబడి నా నోరే చూస్తుంటాడు. ఆయన బెల్లం ఉమ్మితే ఆయన ముఖాన ఉమ్మినట్టే" అన్నారు. ఇంట్లో తల్లి మాట తీసేయలేరు, అక్కడ రైతు మాట తీసేయలేరు. నేను ఎటు తోస్తే ఆయన కదులుతారో తెలియడం లేదు.

అందుకే ఒక పని చేయదలిచాను. నువ్వు సాయం చెయ్యాలి. ఇక్కడ అంగట్లో రాగులు కొంటే ఆ వార్త నాకంటే ముందు ఇల్లు చేరుతుంది. పిండి మరవాళ్ళకు అత్త దూరపు బంధువు. నువ్వు ధర్మవరంలో మెత్తగా పట్టించి, బావ స్నేహితులెవరైనా రైల్లో వస్తుంటే ఇచ్చి పంపు. సీకాయ పొడి అని చెప్పి పంపు. రంగు ఇంచుమించు అదే కదా. మా స్నానాల గదిలో సీకాయ డబ్బాలు రెండున్నాయి. ఒకటి అత్తది, ఒకటి నాది. నా డబ్బా మూత అత్త ఎప్పుడూ తియ్యదు.

ఇలాంటి పనులకు ఎస్సెల్సీ దాకా చదివించాడు నాయన.

నీలావతి

*

హిందూపురం,
14-5-1963.

అక్కా,

పిండి చేరింది. తెచ్చిన రైలు గార్డుగారు అత్త ఎదుటే, "మీ కోడలికి జుట్టు మీద ఇంత శ్రద్ధ ఉందే" అని చక్కా పోయాడు. అత్త నా జడ వైపు చూసి, "ధర్మవరం సీకాయ మంచిదేమో, నాకూ రొంత ఇయ్యి" అంది. నూనె కలిసిందత్తా, తర్వాత తెప్పిస్తాను అన్నాను. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని నాకే తెలియదు.

రోజూ పొద్దున అత్త ఆంజనేయస్వామి గుడికి పోతుంది. ఆమె వీధి మలుపు తిరగగానే నేను పెరట్లో నీళ్ళ పొయ్యి మీద అంబలి కాస్తాను. మీ మరిది స్నానాల గదిలో తలుపేసుకొని, మజ్జిగ కలుపుకొని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. గిన్నె నేనే కడిగి బోర్లిస్తాను. పొగ వాసన పోవడానికి సాంబ్రాణి వేస్తాను. "నీకు భక్తి జాస్తి అయింది మే" అంటుంది అత్త, సంతోషంగా.

పొద్దున కడుపులో ఇంత పడితే ఆకలి అంత ఎగబడదు. మధ్యాహ్నం కంచంలో పప్పు, తోటకూర నేనే ముందు వడ్డించేస్తున్నాను. అన్నానికి చోటు తగ్గుతుంది. మొదట ఓళిగ మాన్పించాను, తర్వాత రాత్రి నెయ్యి. ఒకేసారి కాదు. డాక్టరు మెల్లగా అన్న మాట ఇప్పుడు అర్థమవుతోంది. సాయంత్రం లెక్క చూసుకోవాలని చెప్పి ఆయన మండీ నుంచి గుడ్డం గుడి వైపు నడిచి వస్తున్నారు. నీళ్ళ దాహం తగ్గింది. బెల్లం సంగతికీ దారి దొరికింది. ఇప్పుడు ముక్క తుంచి రైతు నోట్లోనే పెడతారట. తన బెల్లం తాను తినేటప్పుడు ఆ మనిషి ముఖం చూస్తే సరుకు ఎలాంటిదో తెలిసిపోతుందట. రైతులు పెద్ద మర్యాద అనుకుంటున్నారు. పోయిన వారం డాక్టరు గొట్టం కాస్తే రంగు పచ్చ దగ్గర ఆగింది.

సంతోషంగా రాస్తున్నానని అనుకోకు. నిన్న అత్త గుడి నుంచి ముందే వచ్చేసింది. ఆయన మూతి మీద అంబలి అంటుకొని ఉంది. గబుక్కున తువాలుతో తుడుచుకొని నిలబడ్డారు. చెక్కబెల్లం దొంగిలించిన పిల్లవాడిలా ఉన్నారు. ఆ ఇంటికి యజమాని ఆయన. తన ఇంట్లో తనకు పనికొచ్చే తిండి తినడానికి స్నానాల గదిలో దాక్కుంటున్నారు. కాపలాకు నేను. మా ఇద్దరికీ అన్నం పెట్టే ఆమె బయట ఏమీ తెలియకుండా తులసి చుట్టూ తిరుగుతోంది. ఆమెను చూస్తే జాలి, కోపం, నా మీద నాకు అసహ్యం, మూడూ ఒకేసారి కలుగుతాయి.

నాయన ఉత్తరం రాయలేదు. మూట సంగతి నీతో ఏమైనా అన్నాడా? అని ఉండడులే.

నీ,
నీలావతి

*

హిందూపురం,
3-6-1963.

అక్కా,

ఇది ఎవరి కంటా పడకూడదు, అందుకే కవరు తెప్పించాను. మేం ఈ ఇల్లు విడిచి వస్తున్నాం.

పోయిన వారం మండీవాళ్ళ ఇంట్లో గృహప్రవేశం జరిగింది. బుట్టెడు లడ్లు, ఓళిగలు వచ్చాయి. కొడుకు చిక్కిపోయాడని అత్తకు దిగులు. పక్కన కూర్చోబెట్టుకొని తన చేత్తో తినిపించింది. ఒకటి కాదు. ఈయన ప్రతి ముద్దకూ నా వైపు చూశారు, ప్రతి ముద్దా మింగారు. మూడు రోజులు అదే వరస. మళ్ళీ కళ్ళు తిరిగాయి. డాక్టరు గొట్టం మళ్ళీ ఇటుక రంగుకు పోయింది. ఈసారి డాక్టరు ఆయనతో మాట్లాడలేదు. నన్ను పిలిచి, "నీకు ఈ మనిషి కావాలా వద్దా అమ్మా" అని అడిగాడు.

ఇంటికి వచ్చి ఆయనతో అదే మాట అన్నాను. "అమ్మ ముందర నేను కాదనలేను. దూరంగా పోతేనే నేను బతుకుతా" అన్నారు. ధర్మవరంలో చెనిక్కాయల మండీలో గుమాస్తా పని ఉందని బావ అన్నాడు కదా. అది చూడమను. మీ వీధిలో రెండు గదులు చాలు. అత్తకు ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. వచ్చే ఆదివారం చెబుతాం. ఒక్కగానొక్క కొడుకున్న తల్లి, ఆమెను ఒంటరిగా వదిలి వస్తున్నాం. వంటింట్లో ఆమె పక్కన కూర్చొని కూరగాయలు తరుగుతున్నంతసేపూ కత్తిపీట మీద నుంచి తల ఎత్తడం లేదు. కానీ ఇంకో దారి నాకు కనబడలేదు.

నాయనకు అప్పుడే చెప్పొద్దు.

నీలావతి

*

హిందూపురం,
10-6-1963.

లక్ష్మక్కకు,

బావను ఇల్లు వెతకొద్దని చెప్పు. తిట్టుకుంటాడు, తిట్టుకోనీ.

శుక్రవారం నాడు జరిగింది ఇది. మండీలో పని ఎక్కువగా ఉంది, ఈయనకు మధ్యాహ్నం క్యారియరు నేనే తీసుకుపోయాను. అత్త తలకు నూనె పెట్టుకొని కూర్చొని ఉంది. ఆమె డబ్బాలో సీకాయ అయిపోయిన సంగతి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. నేను వెళ్ళాక నా డబ్బా మూత తీసింది. గిన్నె నిండా పిండి వేసుకొని, సలసల కాగే నీళ్ళు పోసి కలిపి, ఆరనిచ్చి, నెత్తికి రుద్దుకుంది.

నేను తిరిగి వచ్చేసరికి స్నానాల గది తలుపు తీసే ఉంది. అత్త రాతి మీద కూర్చొని ఉంది. జుట్టంతా జిగురుగా, పిడచలు పిడచలుగా అతుక్కుపోయింది. నుదుటి మీద, చెవుల మీద అంబలి కారుతోంది. ఎదురుగా గిన్నెలో మిగిలింది గడ్డకట్టి ఉంది. గది నిండా ఆ కమ్మటి వాసన. ఇంకెప్పుడైనా అయితే నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. ఆమె కళ్ళు చూసి గడపలోనే ఆగిపోయాను.

"మేయ్ నీలా," అంది మెల్లగా. "ఇది గంజి గదా?"

అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అవునత్తా అన్నాను. ఆయన కోసం అన్నాను. పొద్దున నువ్వు గుడికి పోతే కాస్తున్నాను, ఇక్కడే తాగుతున్నారు అన్నాను. చెంబు తీసి కొడుతుందేమో అనుకున్నాను. కొడితే పడదామనే నిలబడ్డాను. ఆమె కొట్టలేదు. ఆ గిన్నె వైపే చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టింది. నాతో కాదు, ఎవరితోనో చెప్పుకున్నట్టు.

"కరువేడు. బావులన్నీ ఎండె. ఎద్దుల్ని తోలేసినాం. నా కొడుకు నాగరాజు బెంగుళూరు పక్క కూలికి పాయె. మీ మామకు జరం, లెయ్యలేడు. ఇంట్లో గింజ లేదు. ఊర్లో బడి కాడ రాగి గంజి కేంద్రం పెట్టినారు. పదిమందికి పెట్టిన ఇల్లు మాది. ఎట్ల పోయేది? కొంగు ముసుగేసుకొని పోతి. వరసలో నిలబడితి. ముందరా ఎనకా అందరూ మా చేలో పని చేసినోళ్ళే. నన్ను గుర్తుపట్టి పక్కకు జరిగిరి. 'నువ్వు ముందర పో అమ్మా' అనిరి. ఆ మాటకే చచ్చిపోతి. గంజి పోసే ఆయప్ప తొట్టి పక్కన ఎత్తులో నిలబడుకోనుండె. గిన్నె ఎత్తు, ఇంగా ఎత్తు అనె. రెండు చేతులా ఎత్తి పడితి."

ఆమె రెండు చేతులూ అలాగే గాలిలోకి లేచాయి. కాసేపు అలాగే ఉన్నాయి.

"ఇంటికి తెస్తి. మీ మామకు వాసన తగిలె. యాడిది ఇది అనె. చెప్తి. గోడ పక్కకు తిరిగి పండుకొనె. నా ఇంటి ఆడది గిన్నె చాపి తెచ్చింది నా గొంతు దిగదు అనె. కాళ్ళు పట్టుకొంటి. నోట్లో పోస్తే ఉమ్మేసె. అది ఆడనే పులిసిపాయె. మీ మామ పాయె. కొడుకు వచ్చేతలికి మట్టి చేసినారు. జరమని చెప్తి. జరమేలే. వాడికి ఈ మాట ఇంతవరకూ చెప్పలే. ఆ పొద్దే అనుకొంటి, నా బిడ్డకు ఈ వాసన తగలనీయను, నా ఇంట్లో ఎవరూ ఇంగ సాలు అనేదానికి ముందు నా గరిటె ఆగదు అని."

అక్కా, నేను అక్కడే తడి నేల మీద కూర్చుండిపోయాను. రెండేళ్ళుగా ఈమె గరిటెను చూసి ఎంత విసుక్కున్నానో నీకు తెలుసు. నాయన మూట గడప బయట ఉండిపోయినందుకు మనసులో ఎన్ని మాటలు అన్నానో నీకు కూడా తెలియదు. అది గొప్ప కాదు, భయం. ఆ భయంతో ఆమె కొడుకును ఇన్నాళ్ళూ మేపింది.

అయినా నేను చెప్పవలసింది చెప్పాను. లేకపోతే ఆదివారం చెప్పవలసి వచ్చేది. "అత్తా, ఆయన కళ్ళు తిరిగి పడుతున్నారు. నీ ముందర వద్దనలేక తింటున్నారు. నీకు దూరంగా పోతేనే బతుకుతాననుకుంటున్నారు. మేం ధర్మవరం పోదామనుకున్నాం."

ఆమె నా వైపు తిరిగింది. "నా నుంచి దూరం పోతేనా?" అంది. మళ్ళీ అదే మాట అంది.

నేను నీళ్ళు తోడి ఆమె తల కడిగాను. రాగిపిండి జుట్టులోంచి అంత తొందరగా పోదు. ఒక్కొక్క పాయ విడదీసి, గోళ్ళతో తీసి, మళ్ళీ నీళ్ళు పోసి. పొద్దు వాలేదాకా పట్టింది. ఆమె చిన్నపిల్లలా తల వంచి కూర్చుంది. చివర్లో మాత్రం, "మీ అక్క సీకాయ నురగ రాదేమే" అంది. ఇద్దరం నవ్వాం, నవ్వుతూనే ఏడ్చాం.

సాయంత్రం మీ మరిది వచ్చారు. ఇంట్లో ఏదో జరిగిందని గడపలోనే కనిపెట్టారు. అత్త ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని ఒక్క ప్రశ్న అడిగింది.

"అంబలి తాగితే నీకు ఎట్లుండాది నాయనా?"

ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను. "తేలిగ్గా ఉండాదమ్మా," అన్నారు. పెళ్ళయ్యాక ఆయన తల్లితో నిజం చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి.

అప్పుడు ఆమె కొడుక్కి కూడా ఆ కథంతా చెప్పింది. నేను పక్క గదిలోకి వచ్చేశాను. అది వాళ్ళిద్దరిది. చివర్లో ఒక మాట మాత్రం నాకు వినబడింది. "మీ నాయన అది తాగక పాయె. నిన్ను నేనే తాగనీయక పోగొట్టుకుంటానేమో అని ఈ పొద్దు తెలిసె."

శనివారం అత్త గుడికి పోలేదు. వంటింట్లో పెద్ద పొయ్యి మీదే ఎసరు పెట్టమంది. డబ్బాలో మిగిలిన పిండి తెచ్చి ఇచ్చాను. మొదట్లో ముఖం పక్కకు తిప్పుకొని కలిపింది, వాసన తగలకుండా. చేతికి మాత్రం పాత అలవాటు పోలేదు. ఉండ కట్టకుండా ఎంత బాగా కాచిందో. నేను కాచిన అంబలి తాగి ఇన్నాళ్ళూ మీ మరిది నోరు మూసుకొని ఉన్నందుకు ఆయనకు దండం పెట్టాలి. ఓళిగలు మానేస్తానని ఆమె అనలేదు. వచ్చే పండక్కి ఒకటి చేస్తాను, సగం విరిచి పెడతాను అంది. సగం అనే మాట ఆమె నోట వినడమే నాకు పండగ. ఆమె కూడా మెల్లగా దిగాలి కదా, పదేళ్ళ భయం.

నాయనకు విడిగా కార్డు రాస్తున్నాను. అత్తే రాయమంది. ఆ రాగుల మూట ఇంకా ఉంటే తెమ్మని, ఈసారి తానే ఎదురొచ్చి లోపలికి తీసుకుపోతానని ఆమె మాటగా రాయమంది. నువ్వు వీలైతే పెనుకొండ పోయి, అది ఎవరి మీదో కోపం కాదని నాయనకు ముందే చెప్పు. కథ మాత్రం నువ్వు చెప్పొద్దు. చెప్పాలనుకుంటే ఆమే చెప్పుకుంటుంది.

ఒక్కటి రాసి ముగిస్తాను. శనివారం అంబలి దించాక ముగ్గురం వంటింట్లోనే ఉన్నాం. అత్త గరిటె ముంచి పట్టుకొని నిలబడింది. మీ మరిది గిన్నె రెండు చేతులా పట్టుకొని ఆమె గరిటె కిందికి ఎత్తి చాపారు. అత్త చెయ్యి వెనక్కి పోయింది. గరిటెలోని అంబలి పొయ్యి మీద చిందింది. ఆయనకు అర్థం కాలేదు. నాకూ ఆ గంజి తొట్టి వెంటనే గుర్తు రాలేదు.

"ఎత్తొద్దు నాయనా," అంది. "గిన్నె కింద పెట్టు."

ఆయన కింద పెట్టారు. అత్త మోకాళ్ళ మీద కూర్చొని, వంగి, అందులో సగానికి పోసి ఆగింది.

నీ చెల్లెలు,
నీలావతి